మా అత్తగారు చదివిన మరుగుమందు

ఆ నవలని నేను ఆఫీసు బస్సులో చదివాను. నార్సింగి నుంచి హైటెక్ సిటీ ఎంతో దూరం కాదు గానీ, పొద్దున తొమ్మిదింటికి రోడ్డు ఆ సంగతి ఒప్పుకోదు. ఖాజాగూడ దగ్గర బస్సు ఆగితే ఒక అధ్యాయం, బయోడైవర్సిటీ దగ్గర ఆగితే ఇంకొకటి. అలా వారం తిరక్కుండా పుస్తకం అయిపోయింది. అయిపోయిన రోజు ఆఫీసులో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బాగోలేక కాదు, ఒళ్ళు మండి.

కథ చెబుతాను. ఒక ఊళ్ళో మూలికలు అమ్ముకునే ఆవిడకి ఒక కూతురు. ఆ పిల్ల బడిపంతులు మీద మనసు పడుతుంది. తల్లి దగ్గర నేర్చుకున్న మరుగుమందు రోజూ అతని అన్నంలో కలిపి పెడుతుంది. ఇక అతను ఆమె కొంగు వదలడు. పెళ్ళవుతుంది. ఆ పిల్ల నవ్వితే దీపాలు వాటంతటవే వెలుగుతాయి, అతను పలకరిస్తే ఎండిపోయిన తీగ చిగురు వేస్తుంది. ఇలాంటి మాయలు పుస్తకం నిండా ఉన్నాయి. రాసినాయన బాగానే రాశాడు, కాదనను. కానీ చివరి అధ్యాయంలో ఆ పిల్ల వెళ్ళి అత్తగారి కాళ్ళ మీద పడుతుంది. "నీ కొడుకు ప్రేమ నిజం కాదు, నేను పెట్టిన మందు" అని ఒప్పుకుంటుంది. ఆ రోజు నుంచి మందు ఆపేస్తుంది. నాలుగో రోజు అతను చెప్పులు వేసుకుని వెళ్ళిపోతాడు. అంతే, కథ కంచికి.

మరుగుమందు అంటే ఏమిటో మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. మగాడు పెళ్ళాం మాట కాస్త వింటున్నాడంటే చాలు, ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు గొంతు తగ్గించి ఆ మాట అంటారు. అన్నంలో ఏదో కలిపి పెట్టింది, అందుకే వాడలా అయ్యాడు అని. నన్నూ అన్నారు, పద్దెనిమిదేళ్ళ కిందట. అన్నది మా అత్తగారు.

మాది కడప వైపు. మా ఆయనది తెనాలి దగ్గర. ఇద్దరం మాదాపూర్‌లో ఒకే కంపెనీలో చేరాం. అతను ప్రోగ్రాములు రాసేవాడు, నేను టెస్టర్ని. అంటే అతను రాసినదాంట్లో తప్పులు పట్టడానికి కంపెనీ నాకు జీతం ఇచ్చేది. అలాంటి ఇద్దరి మధ్య మొదటి పరిచయం ఎలా ఉంటుందో అలాగే ఉంది. రెండు నెలలు కొట్టుకున్నాం. ఒకరోజు నేను పట్టిన తప్పు సరిచేస్తూ అతను భోజనానికి వెళ్ళలేదు. నాకే పాపం అనిపించి నా డబ్బా జరిపాను. అందులో ఊరుబిండి ఉంది. వేయించిన చెనిక్కాయలు, మిరపకాయలు, చింతపండు వేసి బరకగా నూరే పచ్చడి. అది తిని, నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త పెట్టమన్నాడు. మర్నాటి నుంచి నా డబ్బాలో సగం నాది కాదు. రుచి మరిగాడు అంటారే, అదే.

పెళ్ళయ్యాక కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో రెండో అంతస్తులో కిరాయికి దిగాం. మొదటి వారమే అత్తగారు వచ్చారు. మామగారు అప్పటికే లేరు, ఇక ఆవిడ మాతోనే ఉండిపోయారు. నాలుగో రోజు సాయంత్రం నేను ఆఫీసు నుంచి మెట్లెక్కి వస్తుంటే కిటికీలోంచి ఆవిడ మాట వినబడింది. ఊళ్ళో ఉన్న చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"వీడికేదో మరుగుమందు పెట్టిందే ఆ పిల్ల. లేకపోతే వీడిలా అయిపోవడం ఏంటి?"

నేను లోపలికి వెళ్ళి ఏమీ విననట్టే ఉన్నాను. అది నేను చేసిన తప్పు. ఆ రోజే అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. కానీ నాకు పొగరు ఎక్కువ. అడిగి చెప్పించుకునే మాటకి విలువేముంది, అన్న మనిషే వెనక్కి తీసుకోవాలి అనుకున్నాను. ఇవాళ కాకపోతే రేపు తీసుకుంటారులే అనుకుంటూ ఉండగానే పిల్లలు పుట్టారు, వాళ్ళకి మీసాలు కూడా వస్తున్నాయి. ఆవిడ నోటి వెంట ఆ మాట మళ్ళీ రాలేదు, వెనక్కీ రాలేదు.

ఆవిడ చెడ్డ అత్తగారని చెబితే నా కళ్ళు పోతాయి. నాకు ఆపరేషన్ అయితే నలభై రోజులు మంచం దిగనివ్వలేదు. నాకు ప్రమోషన్ వస్తే తెనాలిలో సగం మందికి ఫోన్ చేసి చెప్పారు. అయినా, నేను చేసిన కూర తిని "బాగుందమ్మా" అని ఆవిడ అన్న ప్రతిసారీ నాకు లోపల చురుక్కుమనేది. ఇందులో ఏం కలిపానని అనుకుంటున్నారో! మా పనిలో పట్టిన ప్రతి తప్పుకీ ఒక టికెట్టు రాసి పెడతాం. సరిచేశాక మూసేస్తాం. ఎవరూ సరిచేయకపోతే అది పొద్దున కంప్యూటర్ తెరవగానే మొట్టమొదట కనబడుతూనే ఉంటుంది. ఆ మాట నాకు అలా ఉండిపోయింది.

ఇప్పుడు అర్థమై ఉంటుంది, నవల చివర ఆ పిల్ల అత్తగారి కాళ్ళ మీద పడితే నాకెందుకు మండిందో. పైగా ఆ నవలలో ఒక పెద్ద తప్పు ఉంది. మధ్యలో ఒకచోట ఆ పంతులు పరీక్ష పేపర్లు దిద్దడానికి పట్నం వెళ్ళి పదకొండు రోజులు ఉంటాడు. అక్కడ హోటల్లో తింటాడు. అయినా పెళ్ళానికి రోజుకొక ఉత్తరం రాస్తాడు. పదకొండు రోజులు మందు లేకపోయినా చెక్కుచెదరని ప్రేమ, చివర్లో నాలుగో రోజుకే ఎలా పోతుంది? నాకు తప్పు దొరికితే ఊరుకోలేను. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో గీత గీసి, "ఇక్కడ మందు ఎవరు పెట్టారు?" అని రాశాను.

మా అపార్ట్‌మెంట్లలో పుస్తకాలు చదివేవాళ్ళం కొందరం నెలకొక ఆదివారం క్లబ్ హౌస్‌లో కూర్చుంటాం. దాన్ని నడిపేది మేమంతా అక్క అని పిలిచే ఒకావిడ. ఆవిడ పుట్టింది, పెరిగింది నార్సింగిలోనే. మేమందరం ఇక్కడికి వచ్చినవాళ్ళం, ఆవిడ ఇక్కడే ఉన్న మనిషి. ఈ నవల తెచ్చిందీ ఆవిడే. "అందరు సదివి మీకేమనిపిచ్చిందో జర శనివారం లోపట నాకు పంపుండ్రి. ఇగ అన్నీ కలిపి రాసినాయనకు పంపిస్త" అని సొసైటీ గ్రూపులో పెట్టింది.

మా అత్తగారు చదవని కాగితం లేదు. పకోడీల పొట్లం విప్పి కూడా చదువుతారు. అందుకని ఈ నవల ఆవిడ కంట పడకూడదని బీరువాలో నా చీరల కింద పెట్టాను. ఇస్త్రీ చీరలు సర్దేది ఆవిడేనన్న సంగతి మరిచిపోయాను. నాలుగు రోజుల తర్వాత చూసుకుంటే పుస్తకం అక్కడే ఉంది. కానీ చివరి అధ్యాయంలో గుర్తుగా ఖాళీ అయిపోయిన బీపీ మాత్రల అట్ట ఒకటి ఉంది. మా ఇంట్లో పుస్తకంలో మాత్రల అట్ట పెట్టేది ఒక్కరే. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మాకది అలవాటే కదా.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో మీటింగు. నా కంప్యూటర్ తెర గోడ మీద పెద్దగా కనబడుతోంది. నేను లేచి నిలబడి ఏదో వివరిస్తున్నాను. తెర మూలన వాట్సాప్ సందేశం ఒకటి టింగుమంటూ లేచింది. మా సొసైటీ గ్రూపు. పంపింది అత్తగారు.

"మా కోడలు మా అబ్బాయికి మరుగుదొడ్డి మందు పెట్టింది"

అంతవరకే కనబడింది. మిగతాది చుక్కలు. గదిలో తెలుగు వచ్చినవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. మా టీమ్‌లో వరంగల్ వైపు అమ్మాయి ఒకతె, "ఏంది మేడం గిది! సార్ మంచిగనే ఉన్నడా?" అని కుర్చీలోంచి లేచింది. తెలుగు రాని మా మేనేజరు అదేదో పండగ శుభాకాంక్షలు అనుకున్నట్టుంది, నవ్వుతూ నాకు బొటనవేలు చూపించాడు.

నేను ఫోన్ పట్టుకుని బయటికి పరిగెత్తాను. అసలు జరిగింది ఇదీ. ఆవిడకి ఫోన్‌లో టైపు చేయడం రాదు. మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది, అది నేర్పింది నేనే. అక్క ఒక్కదానికే పంపబోయి నాలుగు టవర్ల వాళ్ళూ ఉన్న సొసైటీ గ్రూపులో పెట్టేశారు. ఆవిడ 'మరుగుమందు' అన్నారు. ఫోన్‌కి మరుగు అనగానే మరుగుదొడ్డి గుర్తొచ్చింది. దాని తప్పేం లేదు. మరుగు అంటే చాటు, మరుగు అంటే కాగడం, మరుగు అంటే అలవాటు పడి వదల్లేకపోవడం. ఒకే మాటలో ఇన్ని పెట్టుకున్న మనం ఒక ఫోన్‌ని ఏమనగలం?

నేను చూసేసరికి గ్రూపు అట్టుడికిపోతోంది. "ఆంటీ, వాంతి చేయించకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి" అని ఒకరు. "గేటు దగ్గర అంబులెన్సుకి చెప్పమంటారా?" అని ఇంకొకరు. "ఏ కంపెనీదండీ?" అని ఒక పెద్దమనిషి. ఈలోగా మా ఆయన ఫోన్ చేశాడు. "అందరూ నా ఆరోగ్యం అడుగుతున్నారు. నాకేమైంది?" అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది. అప్పుడు సందేశం పూర్తిగా తెరిచాను. నవ్వు ఆగిపోయింది.

"మా కోడలు మా అబ్బాయికి మరుగుదొడ్డి మందు పెట్టింది అన్నాను అది తప్పు"

అక్కడితో ఆగిపోయింది. కుక్కర్ కూత వేసి ఉంటుంది, ఆవిడ అంతవరకే పంపేసి లేచి ఉంటారు. చుక్క లేదు, కామా లేదు. ఏది తప్పు? నేను పెట్టడం తప్పా, ఆవిడ అనడం తప్పా? ఆ మెట్ల పక్కన నిలబడి ఆ ఒక్క వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. పద్దెనిమిదేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట ఇదేనేమో. లేదా పాత మాటనే ఈసారి ఊరందరి ముందూ అన్నారేమో.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ సోఫాలో ముడుచుకుని కూర్చుని ఉన్నారు. గొడవంతా ఎవరో చెప్పేశారట. "అదేంటమ్మా, ఫోను నా నోట్లో అలాంటి మాట పెట్టింది!" అన్నారు. నేను చెప్పులైనా విప్పకుండా అడిగాను. అంత సూటిగా ఆవిడని అడగడం అదే మొదటిసారి.

"అత్తయ్యగారూ, అది తప్పు అన్నారు. ఏది తప్పు?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. "అందరి ముందూ పడిపోయిందిగా. ఆదివారం అందరి ముందే చెబుతాను. ఇప్పుడు నన్ను తొందరపెట్టకమ్మా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆవిడ అందరిలో మళ్ళీ అదే మాట అంటే నేనూ అందరిలోనే అడిగేస్తాను అని నిశ్చయించుకున్నాను. ఏమేం అడగాలో వరసగా పేర్చుకున్నాను. నా నలభై రోజుల మంచం గుర్తొచ్చినప్పుడల్లా ఆ వరస చెదిరిపోయేది, మళ్ళీ పేర్చుకునేదాన్ని.

మామూలుగా మా పుస్తకాల ఆదివారానికి పదిమంది వస్తే గొప్ప. ఆ రోజు క్లబ్ హౌస్‌లో కుర్చీలు చాలలేదు. నవల అట్ట కూడా చూడనివాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేను వెనక వరసలో గోడ పక్కన కుర్చీ చూసుకున్నాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడ్డాడు. అత్తగారు మాత్రం మంగళగిరి చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు.

"పెద్దమ్మా, ఇగ నువ్వే మొదలువెట్టు. అందరు నీ కోసమే వచ్చిన్రు" అంది అక్క.

కూర్చునే మాట్లాడమన్నా వినలేదు. లేచి, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు.

"నమస్కారమండీ. ముందుగా, మా అబ్బాయి బాగానే ఉన్నాడు. అదుగో, అక్కడ నిలబడ్డాడు. మరుగుదొడ్డి మందు మా ఇంట్లో మరుగుదొడ్డిలోనే ఉంది."

హాలంతా ఘొల్లుమంది. ఆవిడ నవ్వలేదు. నవ్వులు తగ్గేదాకా ఆగారు.

"ఇప్పుడు పుస్తకం సంగతి. ఇది రాసినాయనకి నా మాటగా చెప్పండి. ఆ పిల్ల ఏ మందూ పెట్టలేదండి."

"అయ్యో, పెట్టినట్టు పుస్తకంలనే ఉంది గద పెద్దమ్మా" అంది అక్క.

"ఉందమ్మా. ఆయనకి తెలీక రాశాడు. ఆ పంతులు పదకొండు రోజులు పట్నంలో ఉన్నాడు కదా, అక్కడ మందు ఎవరు పెట్టారు? ఇది నాకు తట్టింది కాదు. మా కోడలు ఆ పేజీలో పెన్సిల్‌తో రాసింది. నేను అక్కడే ఆగిపోయాను. ఆ పూట ఇంకో పేజీ చదవలేకపోయాను. ఎందుకంటే ఆ పంతులు నాకు తెలుసండీ. మా ఇంట్లోనే ఉన్నాడు, పద్దెనిమిదేళ్ళ నుంచీ."

నేను కుర్చీ అంచుకి జరిగాను.

"మా కోడలు వచ్చిన కొత్తలో, మావాడికి మరుగుమందు పెట్టిందని మా చెల్లెలితో ఫోన్లో అన్నాను. ఆ మాట తప్పు. నేనన్నది తప్పు. ఆ అమ్మాయి విన్నదని కూడా నాకు తెలుసు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయింది. కాసేపయ్యాక మళ్ళీ మొదలైంది. లోపలికొచ్చి, టీ తాగారా అత్తయ్యగారూ అని అడిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా పెద్దదాన్ని, నేను వెళ్ళి చిన్నపిల్లని క్షమించమని అడగడమేంటని ఊరుకున్నాను. ఊరుకునే కొద్దీ అడగడం ఇంకా కష్టమైపోయింది."

ఆవిడకి తెలుసు! ఇన్నేళ్ళూ తెలుసు. నేను విననట్టు నటించాను, ఆవిడ నేను వినలేదని నమ్మినట్టు నటించారు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర.

అక్క మెల్లగా అడిగింది. "మరి గట్లెందుకు అనుకున్నవ్ పెద్దమ్మా?"

ఆవిడ కుర్చీ వీపు మీద చేతులు రెండుసార్లు సర్దుకున్నారు.

"మా ఆయన మంచి మనిషేనండి. ఏనాడూ చెయ్యెత్తలేదు, గట్టిగా ఒక మాట అనలేదు. ముప్ఫై రెండేళ్ళు వండి పెట్టాను. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాక నేను తినేదాన్ని. మా అమ్మా అంతే, మా అత్తగారూ అంతే. నువ్వు తిన్నావా అని ఏ మగాడూ అడగలేదు. అడగాలని మాకూ తోచలేదు. అలాంటిది మావాడు ఆఫీసు నుంచి ముందు వచ్చి, రెండు కంచాలు పెట్టుకుని, ఆ అమ్మాయి వచ్చేదాకా అలా కూర్చునేవాడు. ఆకలేస్తోందిరా, నేను పెడతాను తినరా అంటే, వస్తుందిలే అమ్మా అనేవాడు. అన్నం చల్లారిపోయేది. అయినా కూర్చునేవాడు. రోజూ అంతే. అలాంటిది నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా చూడలేదండి. చూడనిదానికి పేరేం తెలుస్తుంది నాకు? మందు అన్నాను."

అని కూర్చున్నారు.

మా ఆయన తలుపు దగ్గర అటు తిరిగి నిలబడి ఉన్నాడు. నేను రెండు రోజులు పేర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. వచ్చింది గర్వం. నా మాట నెగ్గిందని కాదు. ఒక్క ప్రశ్న అడగడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. డెబ్భై దాటిన ఆవిడ నిలబడి, అంతమంది ముందు, నాకు చేసిన తప్పు ఒప్పుకుని, ఆపైన తనకి జరగనిదేమిటో కూడా విప్పి చెప్పారు. ఆ రెండోది చెప్పకుండా ఆపేసి ఉన్నా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ నవలకి అంత పెద్ద జవాబు ఇంకెవరూ ఇవ్వలేరు. మా ప్రేమని మా ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది ఆవిడే, పేరు ఒక్కటే తప్పు పెట్టారు.

నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ లింగంపల్లి నుంచి ఈ నెలే మా టవర్‌లోకి మారారు. ఇక్కడ ఇంకా ఎవరూ తెలియదు. పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నా వైపు వంగి, మెల్లగా అడిగారు.

"ఎవరండీ ఆవిడ? మీకు తెలుసా?"

"మా అత్తగారండీ" అన్నాను.

మెల్లగా చెప్పాలని తోచలేదు. ముందు వరసదాకా వినబడింది.